వేడెక్కిన ఇంజను మొండికేసినప్పుడు

“చల్లగున్నప్పుడు ఒక్క గుంజుకే అందుకుంటది సార్. వేడైనంక దండం పెట్టినా అందుకోదు.”

నాగిరెడ్డిపేట మండలంలో ఒక వరిపొలం గట్టుమీద నిలబడి ఒక యువ రైతు నాతో అన్న మాటలివి. ఆయన ముందు నేలపై ఉన్నది పురుగుమందు చల్లే పెట్రోలు యంత్రం. మన పల్లెలలో దీనిని తైవాన్ పంపు అంటారు. వీపున తగిలించుకొనే ఇరవై లీటర్ల తొట్టి, దాని అడుగున ఒక చిన్న ఇంజను, దానిని నడిపించడానికి లాగే తాడు, మందు చిమ్మే గొట్టం, ఇంతే దాని స్వరూపం. నేను ఆ ప్రాంతానికి వెళ్ళినది వ్యవసాయ కార్యక్రమం కోసం వరిలో సుడిదోమను గురించి నలుగురు రైతుల మాటలు ధ్వనిముద్రణ చేయడానికి. కాని సంభాషణ రెండు నిమిషాలు సాగకముందే దోమ సంగతి పక్కకు తొలగి పంపు సంగతి ముందుకు వచ్చినది. ఆలోచించి చూడగా ఆ రెండు సంగతులు వేరు కావు అని తేలినది. కనుక ఈనాటి ప్రసంగానికి దానినే విషయంగా తీసుకున్నాను.

నాగిరెడ్డిపేట ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోనిది. 2016 అక్టోబరులో ఆ జిల్లా ఏర్పడక పూర్వం నిజామాబాదు జిల్లాలో ఉండేది. ఒకవైపు మంజీర, మరొకవైపు 1916 నుండి 1922 వరకు ఆలేరు వాగుకు అడ్డంగా కట్టిన పోచారం జలాశయం. ఆ నీటి చలువ వలన ఇక్కడ వరి ముఖ్యమైన పంట. నీరు నిలిచిన చేను, దట్టంగా పెరిగిన పైరు, ఉక్కపోత, ఇవి మూడు కలిసిన చోట సుడిదోమ తప్పక పొంచి ఉంటుంది. ఆ పురుగు ఆకులపై కాక మొక్క మొదట, నీటి మట్టానికి కొంచెం పైన గుంపులుగా కూర్చుండి రసం పీల్చివేస్తుంది. చేను నడుమ గుండ్రంగా, సుడి తిరిగినట్లు పైరు ఎండిపోయి కనబడుతుంది. ఆ సుడి ఒకచోట ఆగదు, చుట్టూ విస్తరిస్తూ పోతుంది.

మందు చల్లడానికి గాలి తగ్గిన ప్రాతఃకాలమో, సాయంకాలమో అనుకూలం. అంటే రైతు చేతిలో ఉన్న వ్యవధి గంటన్నర, మహా అయితే రెండు గంటలు. వరికి ఎకరానికి సుమారు 200 లీటర్ల ద్రావణం కావలెనని చెబుతారు. ఇరవై లీటర్ల తొట్టితో అంత ద్రావణం చల్లవలెనంటే పదిసార్లు తొట్టి నింపవలెను. నింపిన ప్రతిసారి ఇంజను ఆపవలెను, మళ్ళీ నడిపించవలెను. ఆ పదింటిలో మొదటిసారి మాత్రమే ఇంజను చల్లగా ఉంటుంది. తక్కిన తొమ్మిదిసార్లు అది కాలుతూనే ఉంటుంది. వేడిమీద అందుకోని ఇంజను ఉన్న రైతుకు ఎకరంలో పదో వంతు మాత్రమే సాగి, తొమ్మిది వంతులు మిగిలిపోతుందన్నమాట.

ఆ యువకుడు తన చేనులో ఒక చోటు చూపించాడు. గుమ్మడిపండు రంగుకు తిరిగిన ఒక గుండ్రని మడ. “ఇగో సార్, పంపు అందుకోని రెండు సాయంత్రాల పుణ్యం ఇది” అన్నాడు.

అంతకుముందు ఆయన ఆ పంపును రెండుసార్లు ఊరి బయటి మెకానిక్కు వద్దకు మోసుకొని పోయాడు. మోటారు సైకిలుపై వెనుక కట్టుకొని, గతుకుల రోడ్డుమీద పోయి, దుకాణంలో తన వంతు వచ్చేవరకు కూర్చున్నాడు. తీరా మెకానిక్కు తాడు లాగగానే ఇంజను ఒక్క గుంజుకే అందుకొని చక్కగా పాడినది. “దీనికేం రోగం లేదు తమ్మీ, నీకు గుంజుడు రాదు” అని ఆ మెకానిక్కు నవ్వాడట. రెండవసారి మాత్రం మొహమాటానికి కార్బురేటరు మార్చి డబ్బు తీసుకున్నాడు. మరునాడు పొలంలో కథ మళ్ళీ మొదటికి వచ్చినది.

చలిజ్వరం వచ్చిన రోగి బండి కట్టుకొని వైద్యుని ఇంటికి చేరేసరికి జ్వరం దిగిపోవడం మన పెద్దలు ఎరిగిన అనుభవమే. నాడి చూస్తే నెమ్మదిగా ఉంటుంది, నుదురు చల్లగా ఉంటుంది. వైద్యుడు ఏమి చెప్పగలడు? ఈ ఇంజను వ్యాధి అటువంటిది. ఆనాడు మా వెంట ఒక పెద్దమనిషి ఉన్నాడు. ముప్పై సంవత్సరాలు ఇంజన్ల నడుమ బతికి పని విరమించినవాడు. ఊళ్ళోవారు అందరు ఆయనను కాకా అని పిలుస్తారు. ఆయన ఆ యువకునితో, “బిడ్డా, చల్లబడ్డంక నా ముందు పెడితే నేనేం జూస్త? రోగాన్ని పొలంల ఇడిసిపెట్టి, రోగిని మా దుకాణానికి తెచ్చినట్టుంది నీ కథ” అన్నాడు. వేడిలో వచ్చే దోషాన్ని వేడిలోనే, ఆ గట్టుమీదనే పట్టుకొనవలెను.

నేను విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివినవాడనే గాని, చేతికి నూనె అంటిన మెకానిక్కును కాను. అయినా కాకాగారు చేసిన పనికి, నేను చదివిన చదువుకు లంకె కుదిరినందున, ఆ సాయంకాలం జరిగినదంతా వివరంగా చెప్పదలచాను. దానికి ముందు ఇంజను స్వభావం కొంచెం తెలియవలెను.

ఈ రకం పంపులలో పలువురు వాడేది టూ స్ట్రోక్ ఇంజను. స్కాట్లండు దేశీయుడు డుగాల్డ్ క్లర్క్ 1881లో ఈ మార్గానికి తొలి పేటెంటు పొందాడు. 1891లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ డే దానిని మరింత సులభం చేశాడు. పిస్టను కిందికి దిగేటప్పుడు కింది పెట్టెలో ఉన్న గాలి, పెట్రోలు మిశ్రమాన్ని తానే నొక్కి, పక్కదారిన పైకి పంపించే ఏర్పాటు అది. కవాటాలు లేవు, భాగాలు తక్కువ, బరువు తక్కువ. కనుకనే వీపున మోయగలుగుతున్నాము. అది నడవడానికి కావలసినవి మూడు. గాలి, పెట్రోలు తగుపాళ్ళలో కలియవలెను. ఆ మిశ్రమాన్ని పిస్టను బిగువుగా నొక్కవలెను. సరియైన క్షణంలో ప్లగ్గు కొసన నిప్పురవ్వ మెరవవలెను. వేడి ఈ మూడింటిని మూడు విధాలుగా బాధించగలదు. ఏది బాధితమో తెలియకముందే ఏదో ఒక భాగం మార్చివేయడం చీకట్లో రాయి విసరడమే.

మొదట పెట్రోలు సంగతి. ఇంజను నడుస్తున్నంతసేపు దాని చక్రానికి ఉన్న రెక్కలు సిలిండరు మీదికి గాలి విసరుతూ ఉంటాయి. కార్బురేటరులో పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు అది తన చుట్టును చల్లబరుస్తుంది. ఇంజను ఆపిన మరుక్షణం ఈ రెండు ఉపకారాలు నిలిచిపోతాయి. సిలిండరులోని వేడి మాత్రం ఎక్కడికి పోతుంది? మెల్లగా కార్బురేటరులోకి పాకుతుంది. పొయ్యి మీదినుండి దించిన అన్నం మూతకింద ఉమ్మగిల్లినట్లుగా, ఆగిన ఇంజను పక్కన కార్బురేటరు ఉమ్మగిల్లుతుంది. చాలమంది అనుకొనేదానికి ఇది విరుద్ధం. ఆపిన తరువాత కొన్ని నిమిషాలపాటు కార్బురేటరు చల్లబడదు, మరింత వేడెక్కుతుంది.

నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక ద్రవాల కలయిక. అందులో తేలికపాటివి 35, 40 డిగ్రీల దగ్గరనే ఆవిరి కావడానికి సిద్ధంగా ఉంటాయి. బరువైనవి సుమారు 200 డిగ్రీల వరకు నిలుస్తాయి. మన వేసవిలో నీడలోనే 40 డిగ్రీలు దాటే దినాలున్నవి గదా! వేడి కార్బురేటరులో పెట్రోలు బుడగలు లేచినప్పుడు రెండింటిలో ఒకటి జరుగుతుంది. పెట్రోలు పొంగి సిలిండరులోకి అధికంగా చేరవచ్చును. లేదా సన్నని గొట్టంలో ఆవిరి అడ్డుపడి అసలు పెట్రోలే రాకపోవచ్చును. ఒకటి అజీర్ణం, మరొకటి ఆకలి. పైకి కనిపించే లక్షణం ఒక్కటే, ఇంజను అందుకోదు. చికిత్సలు మాత్రం పరస్పర విరుద్ధాలు.

ఇక్కడ ఒక ముచ్చట. నా చిన్నతనంలో మా నాయనగారికి ఒక టూ స్ట్రోక్ స్కూటరు ఉండేది. ఉదయం దానిని ఎడమపక్కకు ఒంచి, క్షణం ఆగి, నిలబెట్టి కిక్కు కొట్టేవారు. అది వెంటనే అందుకునేది. అదే మంత్రం మధ్యాహ్నం బజారులో కూరగాయల సంచులతో నిలబడి ప్రయోగించేవారు. అప్పుడు అది ఎంతకూ కదిలేది కాదు. ఒంచినప్పుడు పెట్రోలు లోపలికి ఒలుకుతుంది. చల్లని ఇంజనుకు ఆ అదనపు పెట్రోలు అవసరం. వేడి ఇంజనుకు అదే గొంతుకు అడ్డం. మా నాయనగారు చెమట తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ ఒంచేవారు. నాకు ఆ దృశ్యం అర్థమైనది ఇరవై ఏళ్ళ తరువాత.

పంపులలో చోకు అనే మీట చేసేదీ అదే. అది గాలిని అడ్డగించి పెట్రోలు పాలు పెంచుతుంది. చల్లని ఇంజనుకు చోకు మూయవలెను. వేడి ఇంజనుకు మూయకూడదు. ఉదయం పడిన చేతివాటం సాయంకాలం దాకా వదలనందువల్లనే వేడి ఇంజన్లు చాల భాగం మొండికేస్తాయని కాకాగారి అభిప్రాయం.

ఇది మన ఎండల దోషమని భావించనక్కరలేదు. 1959లో కెనడా దేశపు క్యూబెక్ రాష్ట్రంలో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే మంచుపై జారే చిన్న బండిని స్కీ-డూ అనే పేరుతో అమ్మకానికి తెచ్చాడు. తరువాతి దశాబ్దాలలో అటువంటి బండ్లకు టూ స్ట్రోక్ ఇంజనే ప్రధానమైనది. చుట్టూ గడ్డకట్టిన మంచు, లోపల మూతకింద ఇంజను. బండి ఆపి కొంతసేపు ఉండి తిరిగి బయలుదేరబోతే అక్కడ కూడ అదే ఫిర్యాదు: చల్లగా ఉంటే అందుకుంటుంది, వేడిగా ఉంటే అందుకోదు. మూసిన పెట్టెలో చిక్కుకున్న వేడికి బయటి మంచుతో నిమిత్తం లేదు. మన పిల్లలు కొందరు ఇప్పుడు ఆ దేశాలలో కాపురం ఉంటున్నారు. పోచారం కింది పంపుకు, అక్కడి మంచుబండికి వైద్యం ఒక్కటే అని వారికి చెప్పవచ్చును.

ఇక ఆ సాయంకాలం సంగతి. కాకాగారు యువకునితో ఇట్లా అన్నారు: “నువ్వు రోజూ ఎట్ల కొడతవో అట్లనే కొట్టు. నేను చూస్త.” చోకు మూసి ఒక్క గుంజు గుంజాడు, ఇంజను అందుకున్నది. చోకు తెరిచి, వీపున తగిలించుకొని ఒక తొట్టి మందు చల్లి వచ్చాడు. ఇంజను ఆపి, తొట్టిని మళ్ళీ నింపాడు. తాడు లాగాడు. ఒకటి, రెండు, ఆరు. లేదు.

“ఇగ ముట్టుకోకు” అని కాకాగారు కూర్చున్నారు. మొట్టమొదట పెట్రోలు ట్యాంకు మూతవద్ద చెవి పెట్టి, దానిని మెల్లగా తిప్పారు. ఎందుకని అడిగాను. ఆ మూతకు సూదిమొనంత రంధ్రం ఉంటుంది. లోపలి పెట్రోలు తరిగినకొద్ది ఆ రంధ్రంగుండా గాలి లోపలికి పోవలెను. బురద, మందు పొడి అక్కడ గడ్డకడితే గాలి పోదు. ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగడం మానుతుంది. కొంతసేపు నడిచి ఆగిపోవడం, కాస్త విశ్రాంతి తరువాత మళ్ళీ అందుకోవడం, అన్నీ వేడి జబ్బు లక్షణాలే! కాని దానికీ వేడికీ సంబంధమే లేదు. మూత తీసేటప్పుడు ‘సుయ్’ మన్న శబ్దం వస్తే దొంగ దొరికినట్లే. ఆనాడు శబ్దం రాలేదు. ఆయన మూతను తిరిగి బిగువుగా పెట్టి, ఒలికినది ఏమైనా ఉన్నదేమో చూసి, పంపును నాలుగడుగులు పక్కకు జరిపారు.

తరువాత చోకు చూశారు. అది మూసి ఉన్నది! యువకుడు నాలుక కరచుకున్నాడు. చోకు తెరిచి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, ఏడెనిమిదిసార్లు తాడు లాగించారు. అధికంగా చేరిన పెట్రోలును గాలి ఊడ్చివేయడానికి ఇది మార్గం. సామాన్యంగా ఒకటి రెండు దగ్గులు దగ్గి, తెల్లని పొగ వదలి ఇంజను అందుకోవలెను. ఇది అందుకోలేదు.

అప్పుడు ప్లగ్గు విప్పారు. గుడ్డ చుట్టిన చేతితోనే సుమండీ, ఆ సమయంలో అది చేతిని కాల్చివేస్తుంది. ప్లగ్గు కొస తడిసి ఉన్నది. చుట్టూ చేరినవారందరు ఒక్కగొంతుతో, “కార్బురేటరే కాకా, పెట్రోలు ఎక్కువ తాగుతున్నది” అన్నారు. మునుపటి మెకానిక్కు అనుకున్నదీ అదే. కాకాగారు మాత్రం తల అడ్డంగా ఊపారు. తడిసిన ప్లగ్గు చెప్పేది ఒక్కటే, పెట్రోలు వచ్చినదని. అది ఎందుకు కాలలేదో చెప్పదు. నిప్పురవ్వ లేకుండా పదిసార్లు తాడు లాగితే ఎంత మంచి కార్బురేటరయినా ప్లగ్గును తడపక మానదు. ప్లగ్గు పొడిగా ఉండి ఉంటే దారి వేరు. పెట్రోలు రావడం లేదన్నమాట. అప్పుడు ట్యాంకులోని జల్లెడ, గొట్టం, ఆవిరి అడ్డు వెదకవలెను.

ప్లగ్గును తుడిచి, దాని టోపీ తగిలించి, లోహపు భాగాన్ని ఇంజను రెక్కలకు ఆనించి పట్టుకున్నారు. ఇక్కడ ఒక హెచ్చరిక. ప్లగ్గు తీసిన రంధ్రం నుండి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. కనుక ప్లగ్గును ఆ రంధ్రానికి దూరంగా, అవతలి పక్కన పట్టుకొనవలెను. ట్యాంకు మూత బిగించి ఉండవలెను. లోహపు భాగం ఇంజనుకు ఆననిదే తాడు లాగకూడదు. అట్లా లాగితే నేటి ఎలక్ట్రానిక్ కాయిళ్ళు దెబ్బతినవచ్చును. ఎండలో నిప్పురవ్వ కంటికి ఆనదు కాబట్టి వేపచెట్టు నీడకు జరిగినాము. యువకుడు తాడు లాగాడు. నీలంగా, చిటుక్కున మెరవవలసిన రవ్వ లేదు. ఒకసారి ఎర్రని వెంట్రుకవంటిది కనబడి మాయమైనది. కొత్త ప్లగ్గు పెట్టి చూసినా అంతే. ఇంజను ఆపే స్విచ్చి తీగ ఎక్కడైనా ఒరిసి లోహానికి తగులుతున్నదేమోనని దానిని విడదీసి చూసినా అంతే. మిగిలినది కాయిల్.

ఈ పంపుకు బ్యాటరీ లేదు. తిరిగే చక్రంలో అయస్కాంతం, దాని పక్కన రాగితీగ చుట్టిన కాయిల్. అయస్కాంతం దాటిపోయిన ప్రతిసారి కాయిలులో వేల వోల్టుల విద్యుత్తు పుట్టి ప్లగ్గు వద్ద రవ్వగా దూకుతుంది. 1902 ప్రాంతంలో జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థలో గాట్లాబ్ హోనోల్డ్ తీర్చిదిద్దిన అధిక వోల్టేజి మాగ్నెటోకు ఇది మనుమరాలు. రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, ప్రతి డిగ్రీకి సుమారు వెయ్యింట నాలుగు వంతులు. అరవై డిగ్రీలు పెరిగితే దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. ఆరోగ్యమైన కాయిల్ దీనిని సులువుగా ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది తీగలపై ఉన్న పూత. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారిన పూతలో కంటికి కనపడని చీలిక ఏర్పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు చీలిక మూసుకొని ఉంటుంది, వేడెక్కి లోహం వ్యాకోచించినప్పుడు తెరుచుకుంటుంది. విద్యుత్తు ప్లగ్గుదాకా పోక, ఆ చీలికలోనే దారి చూసుకుంటుంది. చల్లారితే మళ్ళీ మూసుకుంటుంది. దుకాణంలో మెకానిక్కు చూసినది ఆ మూసుకున్న కాయిలునే.

నిర్ధారణకు ఇంక ఒక్క పరీక్ష మిగిలినది, వేచి ఉండడం. పొద్దు వాలుతున్నది. కొంగలు పోచారం వైపు తిరిగిపోతున్నవి. ఆ యువకుని తల్లి చాయ తెచ్చి ఇచ్చినది. సుమారు నలభై నిమిషాల తరువాత అదే ప్లగ్గు, అదే కాయిల్, అదే తాడు. నీలిరంగు రవ్వ ఠక్కున మెరిసినది! “ఇగ చూసినవా బిడ్డా” అని కాకాగారు ప్లగ్గును బిగించారు. పెట్రోలు జోలికి పోనక్కరలేదని, కార్బురేటరుకు పెట్టిన డబ్బు వృథా అని తేలినది. పాపం ఆ యువకునికి, తనకు గుంజడం రాదన్న అపవాదు తొలగినందుకే ఎక్కువ సంతోషం కలిగినట్లున్నది.

మరునాడు కొత్త కాయిల్ వేయడానికి పైమూత విప్పినప్పుడు మరొక సంగతి బయటపడినది. సిలిండరు రెక్కల నడుమ వరి పొట్టు, ఎండిన బురద, మందు పొడి కలిసి గూడు కట్టినట్లు బిగిసి ఉన్నవి. గాలి పోవడానికి సందు లేదు. కాయిల్ దాదాపు పొయ్యి గట్టుమీద కాపురం చేస్తున్నదన్నమాట. ఆ చెత్త తీయకుండ కాయిల్ మాత్రం మార్చి ఉంటే కొత్తది కూడ కొన్నాళ్ళకు అదే దారి పట్టేది. కట్టెపుల్లతో, కుంచెతో శుభ్రం చేశారు. కాయిలుకు, చక్రానికి మధ్య సందు తయారీదారు చెప్పినంతే ఉండవలెను, చాల యంత్రాలలో అది మిల్లీమీటరులో మూడో వంతు దగ్గరగా ఉంటుంది. కాకాగారు పుస్తకంలోని కొలత చూసి, అంత మందం ఉన్న అట్టముక్క నడుమ పెట్టి మరలు బిగించారు.

అన్ని పంపులకు కాయిలే కారణమని నేను చెప్పడం లేదు. రవ్వ నీలంగా ఉండి, ప్లగ్గు తడి సమంగా ఉండి, అయినా వేడిలో అందుకోకపోతే మూడవదాని వైపు, అంటే బిగువు వైపు చూడవలెను. చల్లని ఇంజనులో నూనె చిక్కగా ఉండి అరిగిన రింగుల సందులను కప్పిపుచ్చుతుంది. వేడిలో నూనె పలుచనై ఆ సందులు బయటపడతాయి. తాడు లాగినప్పుడు చేతికి తగిలే ఎదురుబలాన్ని చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిగా ఉన్నప్పుడు ఒకసారి గమనించండి. వేడిలో తాడు నీటిలోంచి లాగినట్లు వట్టిగా వస్తే రింగులో, సిలిండరో అరిగినట్లు. టూ స్ట్రోక్ ఇంజనుకు మరొక బలహీనత ఉన్నది. మిశ్రమం కింది పెట్టెలో కూడ నొక్కబడుతుంది గనుక, ఇరుసు రెండు కొసల ఉన్న రబ్బరు సీళ్ళు గట్టిపడి చిట్లితే అక్కడ గాలి దూరి పాళ్ళు చెడిపోతాయి. ఈ పని పొలం గట్టున అయ్యేది కాదు. దుకాణానికి పోవలసినదే. అయితే ఏమని చెప్పవలెనో తెలిసి పోవచ్చును.

సైలెన్సరు కూడ ఒకసారి చూడదగినది. పెట్రోలులో నూనె అధికంగా కలిపేవారి ఇంజన్లలో పొగదారి మసితో సగం మూసుకుపోతుంది. ‘ఇంకొంచెం నూనె పోస్తే ఇంజనుకు మంచిది’ అన్న ఉదారత ఇక్కడ పనికిరాదు. తక్కువ పోస్తే పిస్టను పట్టివేస్తుంది. తయారీదారు పుస్తకంలో ఉన్న పాళ్ళే పాటించవలెను, కొలపాత్రతోనే పోయవలెను. మరొక మాట. 2025 నాటికి మన దేశంలో బంకులలో అమ్మే పెట్రోలులో ఇరవై శాతం వరకు ఎథనాలు కలపడం పరిపాటి అయినది. ఎథనాలుకు తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. నీరు ఎక్కువైతే ఎథనాలు నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. కొన్ని పాత రబ్బరు గొట్టాలకు కూడ అది సరిపడదు. కాబట్టి నిరుటి సీసాలో మిగిలిన పెట్రోలును ఈ పంటకు వాడవద్దు. పంట ముగిసిన తరువాత ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో ఉన్నదంతా కాలిపోయేవరకు ఇంజను నడిపి ఆపవలెను.

చేయకూడనివి రెండు చెప్పక తప్పదు. వేడి ఇంజనుపై బోదె నీళ్ళు కుమ్మరించడం కొందరికి అలవాటు. కాలుతున్న లోహంపై చన్నీళ్ళు పడితే సిలిండరు వంకర పోవచ్చును, చిట్లవచ్చును. కాయిల్ తడిసి ఉన్న రవ్వ కూడ పోతుంది. నీడన ఉంచి గాలికి చల్లారనివ్వడమే మేలు. రెండవది ఇంతకంటె ఘోరమైనది. ఆ గట్టుమీద మాతో కూర్చున్న మరొక రైతు ముంజేతిపై పెద్ద కాలిన మచ్చ ఉన్నది. తొందరలో, ఇంజను ఆపీ ఆపకముందే ట్యాంకులో పెట్రోలు పోశాడట. నాలుగు చుక్కలు సైలెన్సరుపై ఒలికినవి. అంతే. పెట్రోలు సున్నకు నలభై డిగ్రీల దిగువన కూడ అంటుకొనదగిన ఆవిరిని విడుస్తుంది. ఆ ఆవిరి గాలికంటె బరువు గనుక నేలబారుగా పాకి నిప్పును వెదుక్కుంటుంది. మందు తొట్టి నింపేటప్పుడు పెట్రోలు కూడ పోయదలచితే ముందు మందు నింపండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, నీడన పది నిమిషాలు ఆగండి, తరువాత పెట్రోలు పోయండి. బీడీ అవతల పెట్టవలెనని వేరుగా చెప్పాలా? పంపు వీపున ఉండగా పక్కవాని చేత తాడు లాగించడం కూడ తగదు. నిప్పు పుడితే విప్పుకొనే వ్యవధి ఉండదు.

ఈ ప్రసంగం వ్రాసుకుంటున్న రోజులలోనే ఆ యువకుడు ఫోను చేశాడు. ఆనాటి రెండు సాయంత్రాల నష్టం పూడలేదు గాని, సుడి అంతటితో ఆగినదట. మిగిలిన చేను నిలిచినది. పంపు వేడిమీద ఎన్నిసార్లు ఆపినా మొదటి గుంజుకో, రెండో గుంజుకో అందుకుంటున్నదని చెప్పాడు.

“కానీ సార్, ఇప్పుడు పొద్దుగాల చల్లగున్నప్పుడు పది గుంజులు గుంజితే గాని అందుకుంటలేదు. మళ్ళా కాయిల్ పోయిందా ఏంది?”

చోకు ఎట్లా పెడుతున్నావని అడిగాను.

“ఆనాటి నుంచి చోకు ముట్టుకుంటే ఒట్టు సార్” అన్నాడు.

ఉదయం మొదటిసారి మాత్రం మూయమని, అందుకోగానే తెరవమని చెప్పాను. కాసేపు ఫోను పక్కన పెట్టాడు. ఒక్క గుంజు, ఆ వెంటనే ఇంజను చప్పుడు వినబడినవి. అటుపై ఆయన ఏమి చెప్పాడో ఆ చప్పుడులో నాకు వినబడలేదు.